రైతు గడియారం చూసుకుని బండి తీయండి

(టోక్యో, చిబా పరిసరాల్లో ఉంటున్న తెలుగువాళ్ల కోసం జపాన్ ‘మిచి-నో-ఎకి’ల మీద, అంటే రోడ్డు పక్క విశ్రాంతి స్టేషన్ల మీద చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

శనివారం తీరిగ్గా లేచి, టిఫిన్లు కానిచ్చి, పదకొండింటికి బండి తీసి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ మధ్యాహ్నం మూడున్నరకి మిచి-నో-ఎకికి చేరిన కుటుంబానికి అక్కడ ఏం కనిపిస్తుందో ముందు చెప్తాను. కూరగాయల బల్లల మీద ఖాళీ బుట్టలు. ఓ మూల నాలుగు వాడిపోయిన ముల్లంగి దుంపలు. భోజనాల గుమ్మం దగ్గర ‘ఈ రోజుకి అయిపోయింది’ అన్న బోర్డు. ఐస్‌క్రీమ్, కీచైన్లు, అద్దంలా మెరిసే మరుగుదొడ్డి మాత్రం ఉంటాయి. ఇంటికొచ్చి వాళ్లు అనే మాట: ‘ఏముందండీ అక్కడ, మన హైవే మీద ఫుడ్ కోర్టు లాంటిదే.’

వాళ్లు చూసినదాన్ని బట్టి అది నిజమే. చూసిన వేళే తప్పు. మిచి-నో-ఎకికి రెండు గడియారాలు ఉంటాయి. రోడ్డు గడియారం ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది. రైతు గడియారం పొద్దున తొమ్మిదికి మొదలై మధ్యాహ్నానికే నీరసపడుతుంది. మీరు చూడాల్సింది రెండోదాన్ని.

‘మిచి’ అంటే దారి, ‘ఎకి’ అంటే స్టేషన్. 1990లో హిరోషిమాలో జరిగిన ఒక సదస్సులో, రైలుకి స్టేషన్లు ఉన్నప్పుడు రోడ్డుకి ఎందుకు ఉండకూడదన్న ఆలోచన వచ్చింది. ఆ తర్వాత యామాగుచి, గిఫు, తోచిగి జిల్లాల్లో ప్రయోగాలు చేసి చూశారు. 1993 ఏప్రిల్‌లో తొలి విడతగా 103 స్టేషన్లు నమోదయ్యాయి. ఇప్పుడు దేశమంతా కలిపి 1,200 దాటాయి. ఒక్క హొక్కైదోలోనే 120కి పైగా ఉన్నాయి. ఊరి పురపాలకం దరఖాస్తు పెడితే కేంద్ర రవాణా శాఖ నమోదు చేస్తుంది. నమోదు కావాలంటే మూడు పనులు తప్పనిసరి. మొదటిది విశ్రాంతి, అంటే రాత్రింబవళ్లు ఉచితంగా బండి నిలుపుకునే చోటు, మరుగుదొడ్డి. రెండోది దారి గురించి, ఊరి గురించి సమాచారం. మూడోది ఆ ఊరికి నాలుగు డబ్బులు వచ్చే ఏర్పాటు. మొదటి రెండూ ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఒక్కో స్టేషన్‌కి ఒక్కో మొహం వచ్చేది మూడోదాంతోనే.

ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉండే సర్వీస్ ఏరియా, పార్కింగ్ ఏరియాలతో వీటిని కలపకండి. అవి టోల్ రోడ్డు మీద ఉంటాయి, ఇవి మామూలు రోడ్డు మీద ఉంటాయి. బోర్డు రంగు చూస్తే చాలు: ఎక్స్‌ప్రెస్‌వే బోర్డులు ఆకుపచ్చ, మామూలు రోడ్ల బోర్డులు నీలం. ఆగకుండానే టోల్ కట్టే ‘ఈటీసీ’ పరికరం 2.0 రకం ఉన్న బండి అయితే ఒక వెసులుబాటు ఉంది. ఎంపిక చేసిన కొన్ని మిచి-నో-ఎకిల కోసం ఎక్స్‌ప్రెస్‌వే దిగి, రెండు గంటల్లోపు మళ్లీ ఎక్కితే దిగనట్టుగానే లెక్క కడతారు. 2017లో తమామురాజుకు, మొక్కురు షిన్‌షిరో, సొరేనె షూనాన్ అనే మూడు చోట్ల ఇది మొదలైంది. అద్దె బండిలో మామూలు ఈటీసీ ఉందో, 2.0 ఉందో కౌంటర్ దగ్గరే అడిగి తెలుసుకోండి. చాలామంది అడగరు, దిగి ఎక్కాక టోల్ చూసి బిత్తరపోతారు.

ఇక రైతు గడియారం సంగతి.

మనకి రైతు బజార్ తెలుసు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అక్కడ రైతు స్వయంగా తట్ట ముందు కూర్చుంటాడు, ధర మాత్రం ఎస్టేట్ ఆఫీసర్ బోర్డు మీద ఉన్నదే. మిచి-నో-ఎకి సంతలో ఇది తిరగబడుతుంది. ధర పెట్టేది రైతే, కానీ రైతు అక్కడ కూర్చోడు. తెల్లవారుజామున కోసిన సరుకుని చిన్న ట్రక్కులో తెచ్చి, కవర్లలో కట్టి, తన పేరు, ఊరు, ధర ఉన్న బార్‌కోడ్ చీటీ అచ్చు వేసి అంటించి, బల్ల మీద సర్ది పొలానికి వెళ్లిపోతాడు. అమ్మకం చూసుకునేది స్టేషన్ వాళ్లు. అందుకు కొంత శాతం కమిషన్ పట్టుకుంటారు. చాలాచోట్ల ఏ సరుకు ఎంత అమ్మిందో పగలంతా రైతు ఫోన్‌కి సందేశం వెళ్తుంటుంది. చేతిలో ఇంకా సరుకు ఉన్నవాడు పదింటికో పదకొండింటికో రెండో విడత తెచ్చి పడేస్తాడు. సాయంత్రానికి మిగిలింది తనే వెనక్కి తీసుకుపోవాలి. అందుకే ఎవరూ ఎక్కువ తేరు. మూడింటికి ఖాళీ బుట్టలు కనిపించడం నిర్వహణలో లోపమేమీ కాదు, ఆ ఏర్పాటే అంత.

ఇది తెలిస్తే కొనే పద్ధతి మారుతుంది. ఒకే ముల్లంగి పక్కపక్కనే 120 యెన్లకీ 180కీ ఉంటే 180ది మోసం అనుకోకండి, ఇద్దరు రైతులు వేసుకున్న రెండు లెక్కలవి. స్థానికులు చీటీ మీది పేరు చూసి కొంటారు. ఎవరి పేరున్న బుట్ట ముందు ఖాళీ అవుతోందో ఒక ఐదు నిమిషాలు గమనిస్తే మీకూ తెలిసిపోతుంది. అసలు చీటీయే లేకుండా పెద్ద పెట్టెలో పోసి ఉన్నది చాలాసార్లు బయటి మార్కెట్ సరుకు. చలికాలంలో బల్లలు నింపడానికి అది తెస్తారు. దాని కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు, మీ వీధి చివర సూపర్ మార్కెట్ చాలు.

మన వంటింటి లెక్కలో చూస్తే ఎండాకాలంలో బెండకాయ (ఇక్కడ ‘ఒకురా’ అంటారు), కాకరకాయ, లేత వంకాయలు, బూడిద గుమ్మడికాయ దొరుకుతాయి. చలి మొదలయ్యాక చేమదుంపలకి దగ్గరి చుట్టమైన సతోఇమో, ఆకులతో సహా ముల్లంగి, ఘాటైన ఆవ ఆకు వస్తాయి. సూపర్ మార్కెట్‌లో ముల్లంగి ఆకు కోసేసి అమ్ముతారు, పప్పులోకి ఆకు కావాలంటే ఇక్కడే. జూన్‌లో పచ్చి ఉమె (జపాన్ ఆప్రికాట్) కాయలు కిలోల లెక్కన పోస్తారు. చూడ్డానికి చిన్న మామిడి పిందెల్లా నోరూరిస్తాయి. పచ్చివి మాత్రం కొరికి తినకండి, గింజలోనూ పిందెలోనూ సైనైడ్‌ని విడుదల చేసే పదార్థం ఉంటుంది. ఉప్పులో ఊరవేసి ఎండబెట్టాకే తినాలి. పిల్లలు ఉన్న ఇంట్లో ఆ సంచి పైన పెట్టండి.

సరే, ప్రయాణానికి వద్దాం. దేశమంతా చెప్తే రాత్రవుతుంది. టోక్యో నుంచి శని, ఆదివారాల్లో వెళ్లి రాగలిగిన చిబా జిల్లాలోని బోసో ద్వీపకల్పం ఒక్కటే తీసుకుంటాను. కొండ రోడ్లు తక్కువ, మంచు దాదాపు పడదు, మిచి-నో-ఎకిలు ఒత్తుగా ఉంటాయి. కొత్తగా బండి తీసేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు దగ్గరలో లేదు.

ముందు లైసెన్స్. భారత్ 1949 జెనీవా ఒప్పందంలో ఉంది కాబట్టి మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది. దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాది, లేదా పర్మిట్ గడువు, ఈ రెంటిలో ఏది ముందైతే అది. దెబ్బ తినేది ఎక్కడంటే, ఇక్కడ నివాసం నమోదైన మనిషి సెలవుకి ఇండియా వెళ్లి కొత్త పర్మిట్ తెచ్చుకుని మూడు నెలల్లోపే తిరిగొస్తే ఏడాది లెక్క మళ్లీ మొదలవ్వదు. చేతిలో కొత్త కాగితం ఉన్నా చట్టం దృష్టిలో లైసెన్స్ లేకుండా నడిపినట్టే. ఇక్కడే ఉండేవాళ్లు జపాన్ లైసెన్స్‌కి మార్చుకోవడమే దారి. 2025 అక్టోబర్ నుంచి ఆ రాతపరీక్ష 10 ప్రశ్నల నుంచి 50కి పెరిగింది, 45 సరిగ్గా రాయాలి. మనకి డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు కూడా లేదు.

ఎడమ వైపే నడపాలి కాబట్టి మనకి సగం భయం పోతుంది. మిగతా సగం మన అలవాట్ల వల్ల వస్తుంది. ఎర్ర లైటు ఉండగా ఎడమకి తిరగడం కుదరదు, ఆకుపచ్చ బాణం గుర్తు ఉంటే తప్ప. తలకిందులైన ఎర్ర త్రికోణం కనిపిస్తే ‘తొమరె’, ఆగమని. ఆగడమంటే చక్రం పూర్తిగా ఆగడం, నెమ్మదించడం కాదు. బోసో పడమటి తీరం వెంట ఉచిబో రైలు మార్గం పోతుంది, దాని గేట్లు చాలా వస్తాయి. గేటు ఎత్తి ఉన్నా సరే, గీత దగ్గర పూర్తిగా ఆగి చూసుకునే దాటాలి. బోర్డు లేని మామూలు రోడ్డు మీద గరిష్ఠ వేగం 60. మధ్య గీత లేని ఇరుకు వీధుల్లో 2026 సెప్టెంబర్ 1 నుంచి 30 అని చట్టం చేశారు. ఆరేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, బండి బుక్ చేసేటప్పుడే అడగాలి. ఒడిలో కూర్చోబెట్టుకుంటాం అంటే అద్దె కంపెనీ తాళమే ఇవ్వదు.

బండి ఇద్దరికైతే కేయి కారు చాలు. 660 సీసీ ఇంజిన్, నలుగురికి మించి సీట్లు ఉండవు, ఇరుకు రోడ్డులో ప్రాణం హాయిగా ఉంటుంది. నలుగురూ పెద్దవాళ్లయి, కూలర్ బాక్సు కూడా ఉంటే ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేటప్పుడు మూలుగుతుంది, కాంపాక్ట్ తీసుకోండి. ఈటీసీ పరికరం దాదాపు ప్రతి అద్దె బండిలోనూ ఉంటుంది, కార్డు మాత్రం విడిగా అద్దెకి తీసుకోవాలి. కార్డు లేకపోతే ఏమవుతుందో లెక్కలోనే చూడండి. టోక్యో అఖాతం దాటే ఆక్వా-లైన్‌కి మామూలు కారుకి నగదు ధర 3,140 యెన్లు, ఈటీసీతో మూల ధర 800.

ఇన్సూరెన్స్ మీద ఒక్క మాట. ఎంత చిన్న గీత పడినా పోలీసులకి, అంటే 110కి, ఫోన్ చేసి నమోదు చేయించుకోకపోతే ఇన్సూరెన్స్ వర్తించదు. ‘పర్లేదులే’ అని ఇద్దరూ వంగి వంగి నమస్కారాలు పెట్టుకుని వెళ్లిపోతే ఖర్చంతా మీ నెత్తినే. మామూలు ఇన్సూరెన్స్ ఉన్నా, బండి రిపేరులో ఉన్న రోజులకి ‘నాన్ ఆపరేషన్ ఛార్జ్’ అని వేలల్లో విడిగా వసూలు చేస్తారు. దానికి కూడా రక్షణ ఉండే ప్యాకేజీ తీసుకోవడం మంచిది.

శనివారం పొద్దున ఆరింటికల్లా ఆక్వా-లైన్ మీద ఉండండి. ఏడు దాటితే వాహనాలు పేరుకుపోతాయి. 15 కిలోమీటర్ల దారి ఇది, తొమ్మిదిన్నర కిలోమీటర్లు సముద్రం అడుగున సొరంగం, మిగతాది ఎక్కువగా వంతెన. రెండూ కలిసే చోట ఉమిహొతారు ఉంది. అది మిచి-నో-ఎకి కాదు, పార్కింగ్ ఏరియా. అయినా కాఫీకి, సూర్యోదయానికి ఆగొచ్చు. గాలి గట్టిగా ఉంటే వంతెన మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోవాలి.

తొమ్మిదికి మొదటి మజిలీ క్యోనాన్ ఊళ్లో ‘హొతా షోగక్కో’. పేరుకి అర్థం హొతా ప్రాథమిక పాఠశాల, పేరే కాదు నిజంగా బడే. పిల్లలు తగ్గిపోయి 126 ఏళ్ల చరిత్ర ఉన్న బడి 2014లో మూతపడితే, 2015 డిసెంబర్‌లో దాన్నే మిచి-నో-ఎకి చేశారు. వ్యాయామశాల కూరగాయల సంత అయింది. పై అంతస్తు తరగతి గదులు బస గదులయ్యాయి, నల్లబల్లలు అలాగే ఉంచారు. కింద బడి భోజనం పళ్లెంలో వడ్డించే హోటల్ ఉంది. క్యోనాన్-హొతా టోల్ గేటు దిగితే నిమిషంలో వస్తుంది. ఆ దగ్గరితనమే దాని అదృష్టం, దాని ఇబ్బంది కూడా. పదిన్నర తర్వాత పార్కింగ్ దొరకదు. ఇక్కడ పడుకోవాలనుకుంటే చాలా ముందే బుక్ చేయాలి, స్నానాల గది ఉమ్మడి అని తెలిసి వెళ్లాలి.

దానికి దక్షిణంగా ‘ఫురారి తొమియామా’ ఉంది. ఇటు టోల్ రోడ్డు నుంచీ, అటు ఊరి రోడ్డు నుంచీ రెండు వైపులా లోపలికి రావచ్చు. అలాంటివి అరుదు. అయితే బండి మాత్రం ఇటు నుంచి అటు మారదు, మీరు నడిచి వెళ్లాలి. ఆ తర్వాత తొమిఉరా దగ్గర ‘బివా క్లబ్’, చిబాలో తొలి మిచి-నో-ఎకి, 1993 నాటిది. బివా అంటే లొకాట్ పండు. కాయలు దొరికేది మే, జూన్ నెలల్లోనే. మిగతా కాలమంతా ఆ పండుతో చేసిన ఐస్‌క్రీమ్, జామ్, కూర. ఇక్కడ గమనించాల్సిన తెలివి ఒకటుంది. ఆకారం బాగాలేక, మచ్చపడి మార్కెట్‌కి పోని పండుని గుజ్జు చేసి ఏడాది పొడుగునా అమ్ముకునే దారి చేసుకున్నారు. 2000 సంవత్సరంలో జరిగిన మిచి-నో-ఎకిల పోటీలో దీనికే మొదటి బహుమతి వచ్చింది.

రోజుకి మూడు స్టేషన్లు చాలు. నా అభిప్రాయం ఇది, స్టాంపుల పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్లు ఒప్పుకోరు. ప్రతి స్టేషన్‌లో ఒక రబ్బరు స్టాంపు ఉంటుంది, ప్రాంతాలవారీగా పుస్తకాలు అమ్ముతారు. స్టాంపు చాలాచోట్ల భవనం లోపలే ఉంటుంది, ఐదింటికి తలుపు పడితే అంతే. దాని కోసం పరిగెత్తితే ఒక్క బుట్ట కూడా సరిగ్గా చూడరు. ఇక్కడి పల్లె రోడ్ల మీద గంటకి 40 కిలోమీటర్లే లెక్క వేసుకోండి, అంతకన్నా సాగదు.

ఫోన్‌లో మ్యాప్ నమ్ముకుంటే ఇంకో తంటా. రెండు నిమిషాలు ఆదా అని పొలం గట్లలోకి తీసుకుపోతుంది. ఎదురుగా బండి వస్తే వెనక్కి పోవాలి, పక్కనే మూతల్లేని కాలవ ఉంటుంది. ఎడమ చక్రం అందులో పడడం ఇక్కడ మామూలు ప్రమాదం. పడితే యాక్సిలరేటర్ తొక్కకండి, బండి అడుగు భాగం నలుగుతుంది. వాహన సహాయ సంస్థ జాఫ్ నంబర్ #8139, కానీ అద్దె బండి కాబట్టి ముందు అద్దె కంపెనీకి చేయండి. ఈ తంటా రాకుండా చూసుకోవాలంటే బండిలో ఉన్న నావిగేషన్‌లో స్టేషన్ ఫోన్ నంబర్ కొట్టి, జాతీయ, జిల్లా రోడ్ల మీదుగా పొమ్మనాలి. జాతీయ రహదారి అన్నంత మాత్రాన వెడల్పు ఉంటుందని కాదు. జాతీయ రహదారిని ‘కొకుదో’ అంటారు. అదే ఉచ్చారణతో వేరే అక్షరం రాస్తే ‘క్రూరమైన దారి’ అవుతుంది. ఇరుకు కొండ హైవేలకి జపాన్‌లో బండి నడిపేవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అదే.

చీకటి పడ్డాక ఆ దారుల్లో తిరగొద్దు. అడవి పందులు ఉన్నాయి. వాటితోపాటు క్యోన్ అనే చిన్న జింకలు. కాత్సుఉరాలో ఒకప్పటి వినోద పార్కు నుంచి తప్పించుకుని, పెరిగి పెరిగి ఇప్పుడు బోసో అంతా నిండిపోయాయి. పల్లె పెట్రోల్ బంకులు సాయంత్రమే మూస్తారు, ఆదివారం కొన్ని తెరవనే తెరవరు. శనివారం మధ్యాహ్నమే నింపుకోండి. మామూలు పెట్రోల్ పైపు ఎర్రది, హై-ఆక్టేన్ పసుపు, డీజిల్ ఆకుపచ్చ. కేయి కారుకి ‘కేయియు’ పోయాలనుకుని ఆకుపచ్చ పైపు పట్టుకునేవాళ్లున్నారు, ఇక్కడ ‘కేయియు’ అంటే డీజిల్. పేరులో ‘కేయి’ కలిసింది కదా అని మోసపోవద్దు.

శాకాహారుల సంగతి దాచిపెట్టకుండా చెప్పాలి. ఇక్కడి భోజనశాలల్లో కష్టం. సోబా, ఉదోన్ నూడుల్స్‌లో కనిపించేది కూరగాయలే అయినా, పులుసుకి ఆధారం ‘దాషి’, ఎండబెట్టిన చేప నుంచి తీసింది. మిసో సూప్ కూడా అంతే. కూరగాయల కట్లెట్‌లో మాంసం కలుస్తుంది. కూర గుజ్జులో పంది కొవ్వో, గొడ్డు కొవ్వో ఉండొచ్చు. తీయటి టోఫు సంచిలో పెట్టిన ఇనారి అన్నంలో కూడా దాషి ఉంటుంది. ‘నికు హైత్తె ఇమాస్ కా’ అంటే మాంసం ఉందా అని. కానీ చేప వాళ్లకి మాంసం లెక్కలోకి రాదు, ‘దాషి వ సకానా దెస్ కా’ అని విడిగా అడగాలి. అంత తంటా ఎందుకనుకుంటే పులిహోర డబ్బా పెట్టుకోండి, బయట బల్లల మీద తినొచ్చు. కాల్చిన చిలగడదుంప, టమాటాలు, పండ్లు, ఐస్‌క్రీమ్ అక్కడ కొనుక్కోండి. దుంప కాల్చే యంత్రంలో మధ్యాహ్నానికి మంచివి అయిపోతాయి, పదింటికే తీసుకుంటే సరి.

మరి రాత్రి? పార్కింగ్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది కదా, బండిలోనే పడుకుందామంటే, అలసిపోయి కునుకు తీయడానికి ఎవరూ అడ్డుచెప్పరు. హోటల్ ఖర్చు తప్పించుకోవడానికి మకాం వేయడం మాత్రం ఆ చోటు ఉద్దేశం కాదని ప్రభుత్వమే చెప్తోంది. గుర్తు చాలా తేలిక: బండి బయట కుర్చీ, బల్ల, స్టవ్, గుడారం వేశారంటే గీత దాటినట్టే. ఇంజిన్ ఆపాలి. చెత్త బుట్టలు చాలాచోట్ల తీసేశారు, చెత్త ఇంటికే. పెద్ద లారీల గీతల్లో కారు పెట్టొద్దు, రాత్రి డ్రైవర్లకి చట్టప్రకారం విశ్రాంతి కావాల్సిన చోటది. బండిలోనే పడుకోవాలనుకుంటే, డబ్బు కట్టి కరెంటుతో సహా వాడుకునే ‘ఆర్‌వీ పార్క్’ ఉన్న స్టేషన్ వెతుక్కోండి. లేదంటే తతేయామాలో గది తీసుకోండి.

ఆదివారం తూర్పు తీరం. చికురాలో ‘షియోకజె ఒకొకు’ చేపలకి పేరు. తర్వాత ‘వదాఉరా వావో’, బయట 26 మీటర్ల నీలి తిమింగలం ఎముకల గూడు నమూనా నిలబెట్టారు. ఇది తిమింగలాల వేట ఇంకా సాగే రేవు. లోపల ఆ మాంసమే అమ్ముతారు, ఇష్టం లేనివాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. పొద్దున్నే కాత్సుఉరా దాకా లాగగలిగితే అక్కడ వీధి సంత ఉంటుంది, పదకొండుకి ముగుస్తుంది, బుధవారం తప్ప రోజూ.

అక్కడి నుంచి ‘ముత్సుజావా’కి వెళ్లమని గట్టిగా చెప్తాను. చూడ్డానికి అందమైన కట్టడమేం కాదు. 2019 సెప్టెంబర్ 1న తెరిచారు. ఎనిమిది రోజులకే, 9వ తేదీ తెల్లవారుజామున 15వ నంబర్ తుఫాను చిబా మీద పడింది. లక్షల ఇళ్లకి కరెంటు పోయింది, కొన్నిచోట్ల వారాల తరబడి రాలేదు. ముత్సుజావా స్టేషన్‌లోనూ, దాని పక్కనే కట్టిన 33 ఇళ్లలోనూ మాత్రం ఆ పొద్దునే దీపాలు వెలిగాయి. ఎందుకంటే అక్కడి భూగర్భ జలంలో సహజ వాయువు కరిగి ఉంటుంది. దాన్ని వేరుచేసి అక్కడే ఇంజిన్లలో మండించి కరెంటు తీస్తారు. తీగలు నేల కింద పాతారు కాబట్టి చెట్లు పడినా తెగలేదు. ఇంజిన్ వేడితో నీళ్లు కాగబెట్టి మర్నాటి నుంచి చుట్టుపక్కల జనానికి ఉచితంగా వేడినీళ్ల స్నానం ఇచ్చారు. గ్యాస్ తీశాక మిగిలే ఉప్పునీళ్లలో అయోడిన్ ఉంటుంది, ఆ నీళ్లే అక్కడి వేడినీళ్ల స్నానశాలలో వాడతారు. మీరు ఆదివారం మధ్యాహ్నం ఆ తొట్టెలో దిగినప్పుడు ఇది గుర్తుంటే బాగుంటుంది. దిగే ముందు బయట సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి, బట్టలతో దిగకూడదు.

ఇలాంటి పని వీటికి కొత్త కాదు. 2011 భూకంపం తర్వాత ఇవాతెలో ‘తోనో కజెనోఒకా’ స్టేషన్ సముద్ర తీరానికి వెళ్లే సహాయక దళాలకి మజిలీ అయింది. ఆ అనుభవాల తర్వాత 2021లో 39 స్టేషన్లని విపత్తు కేంద్రాలుగా ప్రత్యేకంగా ఎంపిక చేశారు. మీ ఇంటికి దగ్గరలోని మిచి-నో-ఎకిలో జనరేటర్, నీటి నిల్వ ఉన్నాయో లేదో ఒకసారి చూసి ఉంచుకోండి.

తిరుగు దారి. ఆదివారం మధ్యాహ్నం ఆక్వా-లైన్ కవాసాకి వైపు నిలిచిపోతుంది. అందుకే 2023 జూలై నుంచి సెలవు రోజుల్లో వేళని బట్టి టోల్ మారుస్తున్నారు, మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి బాగా పొద్దుపోయాక తక్కువ. నిషి-కసాయి వైపు ఉండేవాళ్లకి అసలు ఆక్వా-లైనే అక్కర్లేదు, ముత్సుజావా నుంచి చిబా నగరం మీదుగా పోవచ్చు. యొకొహామా వైపు వాళ్లకి కనయా రేవు నుంచి కురిహామాకి బండితో సహా ఎక్కే ఫెర్రీ ఉంది, నలభై నిమిషాలు. కవాసాకి వాళ్లే చిక్కుపడేది. మోబారా-చోనాన్ దగ్గర కెన్-ఓ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, కిసారాజు-హిగాషి దగ్గర దిగితే ‘ఉమాకుతా నో సతో’ అనే మిచి-నో-ఎకి ఉంది. అక్కడ కాలక్షేపం చేసి రాత్రికి దాటండి. కూరగాయలు అయిపోయి ఉంటాయి, కానీ అక్కడి గొప్ప వేరుశనగ. జపాన్ వేరుశనగలో చాలా పెద్ద భాగం చిబాలోనే పండుతుంది.

ఇందాక ఒకరు చీటీ పంపారు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో అక్కడ అమ్మే పచ్చి వేరుశనక్కాయలు ఎలా ఉడకబెట్టాలని. ‘ఓమసారి’ అని చీటీ ఉన్నది కొనండి. మన కాయకి రెండింతలు ఉంటుంది, ఉడకబెట్టడానికే పెంచే రకం. కొన్న రోజు రాత్రే ఉడకబెట్టాలి, మర్నాటికి తీపి పోతుంది. మట్టి పోయేదాకా కడిగి, లీటరు నీళ్లకి 30 నుంచి 40 గ్రాముల ఉప్పు వేసి, మరిగాక కాయలు వేసి, తేలకుండా పైన చిన్న మూత బరువుగా పెట్టి, 45 నుంచి 50 నిమిషాలు ఉంచండి. ఒక కాయ తీసి నొక్కి చూడండి. కుక్కర్ అయితే ఆవిరి పట్టాక పది నిమిషాలు. పొయ్యి ఆపాక వెంటనే వార్చకండి, అరగంట ఆ ఉప్పునీళ్లలోనే వదిలితే గింజకి ఉప్పు పడుతుంది. మిగిలితే ఆ నీళ్లతో సహా సంచిలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.